తాలింపు వాసన తెలిసిన పెట్టె

ఒకటో రాత

పిచికా, ఈ లాగు, అదే పెట్టె దినచర్య, నువ్వు ఆపిన చోటు నుంచి నేను అందుకుంటున్నాను. నా చదువు అయిదో తరగతితో ఆగిందని నీకు తెలుసు. తప్పులుంటే నవ్వుకో. ఈ చిన్న తెర మీద వేలితో రాస్తుంటే ఒత్తులు జారిపోతున్నాయే.

నియమం పెట్టింది నువ్వే కదా. మంట వాసన పట్టే ఈ గాలిపెట్టె ఎవరింట్లో ఉన్నా దాంతోపాటు లాగు ఉండాలి, పెట్టె ఏం చేసింది, ఎవరు ఏం మార్చారు, అన్నీ రాయాలి, ప్రోగ్రాము తీసుకెళ్లేవాళ్లు లాగు కూడా తీసుకెళ్లాలి అని. మంచుగనిలో కప్పు కూలిన రోజు నుంచి దీన్లో ఎవరూ ఏమీ రాయలేదు. ఇవాళ రాయాల్సిన పని పడింది.

ముందు ఇంటి సంగతులు చెబుతా. పొద్దున్నే లేచి తలుపు సందుల్లో పేరుకున్న మంచుపొడి గీకి బకెట్లో వేశాను, కరిగితే గిన్నెలకి పనికొస్తుందని. దీపాల కింద కరివేపాకు మళ్లీ చిగురేసింది. పప్పు ఉడికాక వలమూత పెట్టి తాలింపు వేశాను. మొన్న మూత మర్చిపోతే ఆవాలు పైకప్పుదాకా ఎగిరి, తాపీగా, పెళ్లివారు మెట్లు దిగినట్టు దిగాయి. చందమామ మీదకొస్తే ఆవాలకి కూడా పొగరెక్కుతుందమ్మా అనేదానివి. ఒకటి మర్నాడు నా జడలో దొరికింది.

మన పెట్టె మాత్రం నోరెత్తలేదు. దానికి నా తాలింపు తెలుసు.

ఇప్పుడు సంగతి. గాలి ఆఫీసు వాళ్లు మన బిలంలో మూడో వరుస ఇళ్ల గేటు మీద నోటీసు అంటించారు. ఇంట్లో చేసుకున్న పెట్టెలు ఉత్తుత్తినే అరుస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయట. ఈ పద్నాలుగు రోజుల పెద్ద పగలు ముగిసి చీకటి పడేలోపు పరీక్ష పెడతారట. నెగ్గకపోతే అన్నిటినీ పీకేసి మళ్లీ కంపెనీ పెట్టెలు బిగిస్తారట.

కంపెనీ పెట్టె మర్చిపోయావా? నేను మర్చిపోలేదు. మనం వచ్చిన కొత్తలో మిరపకాయ నూనెలో పడటం ఆలస్యం, అది మొదలుపెట్టేది: "ప్రియమైన వినియోగదారుడా, మీ వంటగదిలో అసాధారణమైన ఆవిరి గుర్తించబడినది." నేను ఆడదాన్ని, నన్ను వినియోగదారుడంటావేంట్రా అని దాన్ని తిట్టేదాన్ని. పొయ్యి ఆపేసేది, గాలిగొట్టం మూసేసేది. సగం వేగిన మినప్పప్పు మూకుట్లో నా మొహం చూస్తుండేది. దానికి తాలింపు అంటే ఏంటో నేర్పుదామని నువ్వు మూత విప్పావు. విప్పగానే అది చచ్చిపోయింది. పైగా, విప్పినందుకు వాళ్లు మనల్నే కోప్పడ్డారు. "కొనుక్కున్న వస్తువుకి పాఠం చెప్పడానికి వీల్లేదంటే అది మన వస్తువెట్లా అవుతుందమ్మా" అన్నావు. అని గనిలో పాడైపోయి పడున్న డ్రిల్లుకుండే వాసన పట్టే ముక్కు, మీ నాన్న పాత ఫోను, నా పోపులపెట్టె ఖాళీ గిన్నొకటి తీసుకుని నువ్వే ఒకటి చేశావు. అడిగినవాళ్లందరికీ ప్రోగ్రాము ఇచ్చావు. ఎట్లా చెయ్యాలో కూచోబెట్టి చూపించావు.

అరవాల్సి వస్తే అరిచే గొంతు కూడా నీదే పెట్టావు. "అమ్మా, మాడుతోంది!"

ఆ పెట్టెలే ఇప్పుడు పీకేస్తామంటున్నారు.

రెండో రాత

ఇవాళ వంట చేసుకుని ఓబులమ్మ ఇంటికి వెళ్లాను. గోడ అవతల ఉండే కడప ఓబులమ్మే. ఆమె తిరగమాత వేసే వేళ నాకు బాగా తెలుసు. సరిగ్గా అప్పుడే గిన్నె పట్టుకుని వెళ్లి, కాస్త ఉప్పు పెట్టమని నిలబడతాను. ఎందుకో చెబుతా, నవ్వకు.

మనింట్లో పెట్టె అరవదు. నువ్వు పోయాక ఒక్కసారి కూడా అరవలేదు. ఓబులమ్మ ఇంట్లో రోజూ అరుస్తుంది. ఆమె వెల్లుల్లి రోట్లో దంచి, గుప్పెడు, పల్లీనూనెలో వేస్తుంది చూడు, అది మూకుట్లో పడగానే గోడ మీద నుంచి నువ్వు: "అమ్మా, మాడుతోంది!"

"ఏం మాడలేదు తల్లీ! నోర్ముయ్!" అని ఓబులమ్మ గరిటె చూపిస్తుంది పెట్టెకి. "ఏమ్మే కోటమ్మా, నీ బిడ్డ బతికున్నప్పుడు గూడా ఇంతే. నా సంగటి తినేటప్పుడే, అత్తా ఇది మాడిందా అని అడుగుతాండె."

"దానికి నీ వంట అంటే ఇష్టం ఓబులమ్మా."

"ఇష్టమైతే ఇట్ల పరువు తీస్తాదా? మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఈ పూట గూడా మాడగొట్టినావా అంటాండాడు."

నేను నవ్వుతూనే ఉన్నా. ఉప్పు తీసుకుని ఇంటికొచ్చేశా. డబ్బా తెరిచి చూస్తే దాన్నిండా ఓబులమ్మ ఉప్పే. జాడీడు ఊరగాయ పెట్టుకోవచ్చు.

పెట్టె వెనక బటన్ నొక్కితే గొంతు వినిపిస్తుంది కదా అని నీ స్నేహితురాలు స్వరూప అంది ఒకసారి. నొక్కి చూశా. నేను నొక్కితే వచ్చేది రికార్డింగు. దానంతటది పిలిస్తే నువ్వు. తేడా ఉందే. ఎట్లా రాయాలో తెలియడం లేదు కానీ ఉంది.

మూడో రాత

స్వరూప వచ్చింది. గని డ్యూటీ దిగి, స్నానం కూడా చెయ్యకుండా, నీ ప్రోగ్రాము ముందేసుకుని కూచుంది. పరీక్ష నెగ్గాలంటే పెట్టెలు ఎందుకు అరుస్తున్నాయో తెలియాలి కదా. చాలాసేపు చూసి ఒక్కసారిగా పకపకా నవ్వింది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"చిన్నమ్మా, దొరికింది. ఇది ఏం చేసిందో ఎర్కనా? పెట్టెకు వాసన నేర్పుడంటే, పొయ్యి ముంగట పెట్టి, ఇది పోపు, ఇది మంట అని మల్లమల్ల చూపియ్యాలె. నీ బిడ్డ సువర్చల అంతా మంచిగనే చేసింది. కాని నేర్పిన పోపులన్నీ నీయే! వేరేటోళ్లది ఒక్కటి లేదు."

"అంటే?"

"అంటే గీ పెట్టెకు లోకంల పోపు ఒక్కటే. ఆవాలు, మినప్పప్పు, ఎండు మిరపకాయ, ఇంగువ చిటికెడు, కరివేపాకు ఆఖరుకు. గంతే. ఓబులమ్మత్త వెల్లిపాయ దానికి ఇల్లు తగలబడ్డట్టే. మా ఇంట్ల నువ్వుల నూనెల జీలకర్ర వేస్తే అది సుత మంటనే."

పక్కన నువ్వు రాసుకున్న మాట చూపించింది. ప్రోగ్రాములో మనుషులు చదువుకోడానికని రాస్తారట కదా అట్లాంటి మాటలు. అక్కడ రాశావు: "అమ్మ తాలింపే తాలింపు."

ఒసే పిచికా. ఎంత తెలివిగలదానివే. నాలుగు యంత్రాలు విప్పి ఒక యంత్రం చేసినదానివి, ఇరుగుపొరుగు వంటల్లో సగం నువ్వే తిన్నదానివి, నీకు ఆ సంగతి తట్టలేదా? నాకు మాత్రం తట్టిందా! ఓబులమ్మ ఏదో మాడుస్తోందనే అనుకున్నా ఇన్నాళ్లూ.

"అందరి పోపులు కలుపుదాం చిన్నమ్మా," అంది స్వరూప. "ఒక్కొక్క ఇంటిది నేర్పుదాం. ఇగో, ఇక్కడ నీ వేలు పెట్టు."

అసలు ప్రోగ్రాములో మార్పు కలపాలంటే నా వేలిముద్ర కావాలని పెట్టి వెళ్లావు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది నువ్వేగా అమ్మా అన్నావు అప్పుడు.

నేను చెయ్యి కొంగులో దాచుకున్నా.

"అది రాసిందాంట్లో ఒక్క అక్షరం ముట్టుకోనివ్వను," అన్నా.

"ఓడిపోతం చిన్నమ్మా."

"ఓడిపోతే మనింటి పెట్టె మనింట్లోనే దాచుకుంటా."

స్వరూప లేచి నిలబడింది. "మేం వేరేగ కాపీ చేసుకుని మార్చుకోవచ్చు. ఎవరూ ఆపరు. సువర్చల అందరికీ ఇచ్చిందే గట్ల. కాని నీ వేలు లేకుండ నేను చెయ్య. ఇది దాని చేతి పని, నువ్వు దాని తల్లివి. కాని ఒక్కటి చెప్పు. మూత విప్పొద్దు, ముట్టొద్దు, నేర్పొద్దు అని గా కంపెనోడు గూడ గిదే కదా అన్నది?"

వెళ్లిపోయింది. టీ పెట్టా, తాగకుండానే వెళ్లింది. చల్లారిపోయిన టీ నేనే తాగా.

మార్పులు కలిపితే ఓబులమ్మ ఇంట్లో పెట్టె అరవడం ఆగిపోతుంది. ఆ సంగతి స్వరూపకి చెప్పలేదు. నీకు చెబుతున్నా.

నాలుగో రాత

రెండు రోజులు ఎవరింటికీ వెళ్లలేదు. మూడో రోజు ఉండలేక ఉప్పుగిన్నె పట్టుకుని ఓబులమ్మ ఇంటికి వెళ్లా. ఆమె వెల్లుల్లి వేసింది. ఎర్రగా వేగింది. నేను చెవులు రిక్కించి నిలబడ్డా.

పెట్టె ఏమీ అనలేదు.

తల ఎత్తి చూస్తే దాని మొహానికి తడిగుడ్డ చుట్టి ఉంది. పైన తాడుతో బిగించి ముడేసి ఉంది.

"ఏం చెయ్యమంటావు?" అంది ఓబులమ్మ, నా మొహం చూడకుండా. "పొద్దస్తమానం అరుస్తాంటే ఏం చెయ్యమంటావు? పడమటింటోళ్లు గూడా ఇట్లనే కట్టినారు. ఆ చివరింటోళ్లయితే వైరే పీకేసినారు. నీ బిడ్డ గొంతని పారెయ్యలేకపోతాండా, అంతే."

గబుక్కున అటు అడుగేశా. ఇక్కడ గబుక్కున అడుగేస్తే మనిషి కొంచెం పైకి లేస్తుంది. ఆ పెట్టె ఎందుకు చేశావే నువ్వు? నిజంగా మంట వస్తే అందరికంటే ముందు చెప్పడానికి. ఈ బిలంలో మంట వస్తే పరుగెత్తడానికి వీధి ఉండదు. నేను ఉప్పు పేరు చెప్పి వినడానికి వస్తున్నా. వీళ్లు దాని నోరు కడుతున్నారు. రేపు నిజంగా ఏదైనా అంటుకుంటే నువ్వు గుడ్డలోపల అరుస్తావా?

నేనే స్టూలెక్కి ముడి విప్పా. గుడ్డ పిండి ఆరేశా.

"ఓబులమ్మా, నీ తిరగమాత దీనికి నేర్పుదాం. నాకు రేపు టైమివ్వు."

"నేర్పితే మళ్లీ అరవదా?"

"నువ్వు నిజంగా మాడ్చితే తప్ప అరవదు."

"అట్లయితే మా ఆయన ముందర నేర్పు. సాక్షి కావాల నాకు," అంది ఓబులమ్మ.

అక్కడి నుంచి అటే స్వరూప ఇంటికి వెళ్లా. తలుపు తీయగానే బొటనవేలు చూపించా. అది నన్ను పట్టుకుని ఏడ్చింది, దాని వంట మీద దాని పెట్టె అరిచింది, ఇద్దరం నవ్వుకున్నాం. ఈసారి టీ తాగించింది.

అయిదో రాత

పిచికా, నువ్వుండాల్సిందే. ఈ సంబరం చూడాల్సిందే!

ఒక్కో ఇల్లూ తిరుగుతూ తాలింపులు వేయిస్తున్నాం. స్వరూప పెట్టె పట్టుకుని పొయ్యి పక్కన కూచుంటుంది, నేను "ఇప్పుడు మొదలు" అని చెబుతా, ఇంటామె వేస్తుంది. అయ్యాక ఓ కాల్చిన గుడ్డపీలిక చూపించి "ఇది మంట" అని నేర్పుతాం. పెట్టెకి ముక్కుపుటాలుంటే ఈపాటికి ఎర్రబడిపోయేవి. మాకైతే ఎర్రబడ్డాయి. వరుస వరుసంతా తుమ్ములే. ఎవరో తుమ్మితే వలమూత ఎగిరిపోయి ఆవాలన్నీ స్వరూప నెత్తిన అక్షింతల్లాగా పడ్డాయి. "అయిపాయె, పెండ్లయింది నాకు," అంది.

ముందు పేరు దగ్గరే పేచీ. నేను తాలింపంటా, స్వరూప పోపంటుంది, ఓబులమ్మ తిరగమాతంటుంది. చివరికి ప్రోగ్రాములో మూడూ రాసింది స్వరూప. పెట్టెకి ఏ పేరుతో పిలిచినా పర్వాలేదట, మనుషులకే పట్టింపు.

రానని బెట్టు చేసినవాళ్లు కూడా వచ్చారు. మా అమ్మ మెంతులు వేసేది, మెంతులు లేకుండా నేర్పితే ఒప్పుకోనని ఒకామె. పచ్చిపులుసులో ఉల్లిపాయ కాల్చి వేస్తారే, దాని వాసన కూడా నేర్పాలని ఒకాయన. మగవాళ్లు కూడా గరిటె పట్టారు. చివరింటాయన వాళ్లమ్మ తాలింపు ఎట్లా ఉండేదో చెప్పలేక, కొంచెం కొంచెం మారుస్తూ పూటంతా వేస్తూనే ఉన్నాడు. చివరికి ఒక దగ్గర ఆగి, కళ్లు మూసుకుని, "ఇదే" అన్నాడు. పెట్టె అరవలేదు. నేర్చుకుంది.

అన్ని ఇళ్లలో రుచి చూడమని పెడుతున్నారు. నాకు పొట్ట పట్టడం లేదు. నువ్వు పోయాక ఇంత తినడం ఇదే.

ప్రతి మార్పుకీ నా వేలు పెడుతున్నా. మొదటిసారి పెట్టినప్పుడు చెయ్యి బరువెక్కింది. తర్వాత తర్వాత, అన్నం కలిపి ముద్ద పెట్టినట్టే ఉంది.

నీ మాట చెరపలేదు. "అమ్మ తాలింపే తాలింపు" అట్లానే ఉంది. దాని కింద ఒక్కొక్కరూ వాళ్ల వాళ్ల అమ్మ పేరు రాస్తున్నారు.

ఆరో రాత

ఇవాళ పరీక్ష అయింది.

వరుస చివర పెద్ద వంటగదిలో పెట్టారు. గాలి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు దస్తగిరి గారు వచ్చారు. పెద్దమనిషి, మాట తక్కువ. కంపెనీ తరఫున ఒక అబ్బాయి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో మెరిసే కొత్త పెట్టె. గోడ మీద రెండు పెట్టెలూ పక్కపక్కన బిగించారు. వాళ్లది అద్దంలా ఉంది. మనది పోపులగిన్నెకి వైర్లు కట్టినట్టుంది. కట్టినట్టుండటం ఏంటి, అంతే కదా.

"తాలింపు వెయ్యండి," అన్నారు దస్తగిరి గారు.

ఓబులమ్మ ముందుకొచ్చింది. వెల్లుల్లి గుప్పెడు కాదు, రెండు గుప్పెళ్లు వేసింది, పంతానికి. ఘాటు గదంతా కమ్మింది.

"ప్రియమైన వినియోగదారుడా," అని మొదలుపెట్టింది కంపెనీ పెట్టె. పొయ్యి ఆరిపోయింది. అందరూ గొల్లున నవ్వారు. మన పెట్టె పలకలేదు.

కంపెనీ అబ్బాయి కంగారుపడలేదు. "దీన్లో వంట మోడ్ ఉంది సార్. పెట్టుకుంటే ఇబ్బందే ఉండదు," అని ఏదో నొక్కాడు. మళ్లీ పొయ్యి వెలిగించి తాలింపు వేస్తే నిజంగానే అది నోరెత్తలేదు. వాళ్లదీ ఊరుకుంది, మనదీ ఊరుకుంది. సమానమైపోతే కొత్తదే బిగిస్తారు కదా.

దస్తగిరి గారు గదంతా ఒకసారి తిరిగారు. బియ్యం డ్రమ్ముల వెనక్కి వెళ్లొచ్చి, "ఇంకొకసారి వెయ్యండమ్మా," అన్నారు.

ఓబులమ్మ మూడోసారి వేసింది. వెల్లుల్లి వేగుతోంది. మిరపకాయలు నల్లబడుతున్నాయి. అందరం తుమ్ముతున్నాం. కంపెనీ పెట్టె మీద పచ్చలైటు నిమ్మళంగా వెలుగుతోంది. మన పెట్టె కిమ్మనలేదు. దస్తగిరి గారు దానివంకే చూస్తున్నారు. ఎందుకు చూస్తున్నారో నాకర్థం కాలేదు. స్వరూప నా చెయ్యి నలిపేస్తోంది.

అప్పుడు పిలిచావు.

"అమ్మా, మాడుతోంది!"

పిచికా, ఆ గదిలో ఉన్న తల్లులందరూ ఒక్కసారి తిరిగారు. ఓబులమ్మ, పడమటింటామె, మెంతులామె, అందరూ "ఆఁ, వస్తున్నా" అన్నారు. నేను కూడా అన్నా. పైకి, గట్టిగా. ఎన్నాళ్లకి అన్నానో ఆ మాట.

ఓబులమ్మ మూకుడు చూసుకుంది. "నాది మాడలేదే!" అని బిక్కమొహం వేసింది.

"మీది కాదమ్మా," అన్నారు దస్తగిరి గారు. డ్రమ్ముల వెనక నుంచి ఓ చిల్లుల రేకుడబ్బా తెచ్చి మూత తీశారు. లోపల వైరు ముక్కొకటి పొగలేస్తూ రాజుకుంటోంది. ఆయనే పెట్టారు. కంపెనీ పెట్టె వైపు తిరిగి అడిగారు, "మీది చెప్పలేదేం బాబూ?"

"వంట మోడ్‌లో ఉంది కదా సార్. ఆ మోడ్‌లో వాసన చూడటం ఆపేస్తుంది."

"అంటే వంట జరిగినంతసేపూ నిద్రపోతుంది. ఇళ్లలో మంటలు ఎక్కువ వచ్చేదే వంటప్పుడు కదా?"

అబ్బాయి వెళ్లి వంట మోడ్ తీసేశాడు. పాపం, వాడు చేసిన పెట్టె కాదు కదా అది. వాడికి కూడా దాని మూత తీసే వీల్లేదట, తర్వాత అన్నం దగ్గర చెప్పాడు. ఓబులమ్మ వాడికి మూడుసార్లు వడ్డించింది. వెళ్తూ వెళ్తూ స్వరూపని పక్కకి పిలిచి, మా నాయనమ్మ తాలింపులో వాము వేసేది, అది కూడా కలపొచ్చా అని అడిగాడు. కలిపాం.

దస్తగిరి గారు కాగితం మీద సంతకం పెట్టారు. మూడో వరుసలో పెట్టెలు ఎక్కడివక్కడే ఉంటాయి. మిగతా వరుసల వాళ్లు కావాలంటే ఇవే చేసుకోవచ్చు. ఒక్క షరతు పెట్టారు. ప్రతి పెట్టెకీ లాగు రాయాలట. నేను నవ్వా. అది మా అమ్మాయి ఎప్పుడో పెట్టిందండీ అన్నా.

ఏడో రాత

ఇప్పుడు మన వరుసంతా నిమ్మళంగా ఉంది. ఓబులమ్మ తిరగమాత వేస్తే పెట్టె పలకదు. ఇవాళ గిన్నె పట్టుకుని వెళ్తే, "ఉప్పు కావాల్నా?" అని ఎగతాళిగా అడిగింది. నీ దగ్గర కూర్చుందామని వచ్చా ఓబులమ్మా అన్నా. నిజం చెబితే ఎంత తేలికో. కూచోబెట్టి సంగటి పెట్టింది. అది అస్సలు మాడలేదు.

నాలుగో వరుస నుంచి, అవతలి బిలం నుంచి కూడా ప్రోగ్రాము తీసుకెళ్తున్నారు. అక్కడ తాలింపులే వేయనివాళ్లు కూడా ఉన్నారట, చేపలు పొగబెట్టుకునేవాళ్లు, రొట్టె కాల్చుకునేవాళ్లు. వాళ్ల వాసనలు కలిపి తిరిగి పంపుతున్నారు. నేను చదవలేని భాషల్లో వాళ్ల అమ్మల పేర్లు వస్తున్నాయి. అన్నిటికీ నా వేలు పెడుతున్నా. గొంతు మార్చుకోవచ్చని చెప్పాం. ఎవరూ మార్చుకోలేదు. అర్థం తెలియకపోయినా ఆ పిలుపుకి పరుగెత్తుకొస్తున్నామని రాశారు.

అంటే నువ్విప్పుడు నేను చూడని ఇళ్లలో కూడా ఉన్నావు, నోరు మూసుకుని, అందరి వంటలూ వాసన చూస్తూ. నీకు తగ్గ ఉద్యోగమే దొరికింది.

ఇంకేం రాద్దామనుకున్నానంటే

ఇప్పుడే పిలిచావే! మనింట్లో! "అమ్మా, మాడుతోంది!" అని! రాస్తూ కూచుని పొయ్యి మీద పప్పు సంగతి మర్చిపోయా. వస్తున్నానే, వస్తున్నా.

అడుగంటింది. పర్వాలేదు, పైపైన తీసుకుంటే బాగానే ఉంది. తాలింపు వేశా. కన్నీళ్లు మిరపకాయ ఘాటుకే అనుకో.

ఈ ప్రోగ్రాముతోపాటు ఈ లాగు మీ చేతికొచ్చిందంటే, చదివే మీరెవరో నాకు తెలియదు. మీ పొయ్యి ముందు పెట్టి మీ వంట దీనికి నేర్పండి. తెలియకపోతే ఎవర్నైనా అడగండి, చెప్తారు. పని ఉందనీ మనసు బాగాలేదనీ పొయ్యి వెలిగించకుండా ఉండకండి. వేళకి, వేడివేడిగా, కడుపు నిండా తినండి.